కిటికీలోంచి టవల్ వేస్తే సీటు మనదైపోతుందా?

విభాగం: అనంతపురం జిల్లా, ప్రయాణాలు

కూడేరు_కుర్రోడు:
అన్నలూ, అక్కలూ, ఒక పంచాయితీ తెచ్చినా. తీర్పు మీరే చెప్పాల. పోయిన ఆదివారం సాయంత్రం అనంతపురం బస్టాండులోకి ఉరవకొండ పల్లెవెలుగు వస్తోంది. ఇంకా ఆగనే లేదు, ఒకాయన పక్కనే పరిగెత్తుతూ ఊచల సందులోంచి ముగ్గురు కూర్చునే సీట్లోకి టవల్ వేశాడు. అటు చుట్టు తిరిగొచ్చి ఇద్దరి సీట్లోకి నీళ్ళ బాటిల్ వేశాడు. మొత్తం ఐదు సీట్లు. ఇంటివాళ్ళేమో బయట టీ తాగుతున్నారు. వాళ్ళను పిలుచుకుని రావడానికి తీరిగ్గా పోయాడు.

ఈలోగా డోర్ దగ్గర తోపులాటలో నలిగి, నెత్తిన మూటతో ఒక అవ్వ ఎక్కింది. టవల్ మడిచి పక్కన పెట్టి కూర్చుంది. ఆయనొచ్చి "టవల్ కనపడలేదా?" అన్నాడు. అవ్వ "దానికి టికెట్ కొట్టించినావా నాయనా?" అనింది. బస్సులో సగం మంది ఆయన వైపు, సగం మంది అవ్వ వైపు. కండక్టర్ "సర్దుకోండప్పా" అనుకుంటూ ముందుకు పోయాడు. నేను కూడేరులో దిగేదాకా అదే రచ్చ. నా ఓటు అవ్వకే.

పాతూరు_అంగడి:
తమ్ముడూ, అవ్వ అనేసరికి అందరికీ జాలి పుడుతుంది. ఆ జాలి కాసేపు పక్కన పెట్టు. టవల్ వేసినోడు ఊరికే వేశాడా? బస్సు ఏ ప్లాట్‌ఫారానికి వస్తుందో కనిపెట్టుకుని, ఎండలో నిలబడి, పరిగెత్తి వేశాడు. ఆ కష్టానికి విలువ లేదా? సరుకుల కోసం వారం వారం తిరిగేవాణ్ణి నేను. మామూలుగా టవల్ ఉన్న సీటు జోలికి ఎవరూ పోరు. అందుకే ఇంత జనంలోనూ కొట్లాట లేకుండా బస్సు కదులుతోంది. ఎవరికి తోస్తే వాళ్ళు టవల్ తీసి కూర్చుంటామంటే రోజూ చొక్కాలు చినుగుతాయి.

హాస్టల్_పిల్ల:
అన్నా, అంటే పరిగెత్తగలిగినోళ్ళకే సీటు అంటారు. మా అమ్మకు ఆ కిటికీ ఎత్తే అందదు. చంకలో పిల్లను ఎత్తుకున్నామె బస్సు పక్కన పరిగెత్తగలదా? అసలు టవల్ వేసే ఆడమనిషిని ఎప్పుడైనా చూశారా మీరు? నేను చూడలేదు. అందరూ ఒప్పుకున్న పద్ధతి అంటున్నారు కదా, మమ్మల్ని ఎప్పుడు అడిగారో చెప్పండి.

సీమ_ఎక్స్‌ప్రెస్:
ఫ్రీ టికెట్ పెట్టినప్పటి నుంచే ఈ గొడవలన్నీ. డబ్బులు పెట్టినోడు నిలబడాల, ఊరికే వచ్చినోళ్ళు కూర్చోవాల. టవల్ వెయ్యక ఏం చేస్తాడు పాపం.

టీచరమ్మ_ఉరవకొండ:
ఆడవాళ్ళకు ఉచిత బస్సు పథకం, స్త్రీ శక్తి, మొదలైంది 2025 ఆగస్టు 15న. అంతకుముందు ఈ జిల్లాలో టవల్ ఎవరూ వెయ్యలేదా? నేను డిగ్రీ చదివే రోజుల్లోనే కర్చీఫులు, పుస్తకాలు, చివరికి చెప్పు కూడా వేసేవాళ్ళు. చెప్పు వేస్తే మాత్రం ఎవరూ తీసేవాళ్ళు కాదు, ముట్టుకోవాలి కదా!

ఇక ఊరికే రావడం గురించి. ఈ పథకంలో మాకు కొట్టే జీరో టికెట్ డబ్బు ప్రభుత్వం ఆర్టీసీకి కడుతుంది. అది మీరూ నేనూ కట్టే పన్నుల్లోదే. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్, ఈ ఐదు రకాల బస్సుల్లో ఆధార్ చూపించి వెళ్తున్నాం. రద్దీ పెరిగింది, నేనూ రోజూ చూస్తున్నా. దానికి బస్సులు పెంచమని అడగాలి గానీ, మూట దించుకుని కూర్చున్న ముసలామెను లేపమంటారా? మీ ఇంట్లో ఆడవాళ్ళు ఏ టికెట్ మీద వెళ్తున్నారు సార్?

సీమ_ఎక్స్‌ప్రెస్:
మా ఇంటి సంగతి ఎందుకులెండి మేడం.

హాస్టల్_పిల్ల:
జీరో టికెట్టే అన్నమాట.

రిటైర్డ్_కండక్టర్:
అందరికీ నమస్కారం. ఈ టవల్ పంచాయితీలోనే నా సర్వీసంతా గడిచింది కాబట్టి నాలుగు మాటలు.

పల్లెవెలుగు టికెట్ మీద స్టేజీ ఉంటుంది, ఛార్జీ ఉంటుంది. సీటు నంబరు ఉండదు. నిలబడినాయనా అంతే కడతాడు, కూర్చున్నాయనా అంతే కడతాడు. సూపర్ లగ్జరీలో రిజర్వేషన్ చేసుకుంటే నంబరు ఉంటుంది, అందుకే అక్కడ టవల్ అవసరం రాదు. అవ్వ అడిగిన ప్రశ్న సరైనదే, టవల్‌కు ఏ హక్కూ లేదు.

మరి మీ కండక్టర్ ఆ మాట ఎందుకు చెప్పలేదంటే, చెప్పే టైం ఉండదు. స్టేజీ దాటేలోపు టికెట్లన్నీ కొట్టాలి. మధ్యలో చెకింగ్ వాళ్ళు ఎక్కితే, టికెట్ లేని మనిషి దొరికితే, జవాబు చెప్పుకోవాల్సింది కండక్టరే. ఒక్క టవల్ తీశానంటే బస్సంతటికీ జడ్జిని అయిపోతా. పాతికమంది ఫిర్యాదులు వింటుంటే స్టేజీ దాటిపోతుంది. అందుకని "సర్దుకోండి".

నాకంటూ ఒక లెక్క ఉండేది. మిషన్‌తో ఆ వరుస దగ్గరికి వచ్చేలోపు టవల్ మనిషి వచ్చి కూర్చుంటే సరే. రాకపోతే "ఎవరిదప్పా ఇది?" అని గట్టిగా రెండుసార్లు అడిగి, మడిచి రాడ్డు మీద వేసేవాణ్ణి. ఒక మనిషి, ఒక టవల్, ఒక సీటు. నీళ్ళ బాటిల్‌కు సీటు ఇచ్చే ప్రశ్నే లేదు.

ఒకసారి ఏమైందో వినండి. ఒకామె బోర్డు సరిగా చూడకుండా ఉరవకొండ బస్సే అనుకుని పిల్లోడి స్కూలు బ్యాగు కిటికీలోంచి వేసింది. అది గుత్తి బస్సు. ఆమె డోర్ దాకా వచ్చేలోపే బస్సు కదిలింది. పుస్తకాలు, టిఫిన్ డబ్బా అన్నీ గుత్తి చూసి వచ్చాయి. తిరుగు ట్రిప్పులో నేనే తెచ్చి ఇచ్చా. పిల్లోడు మాత్రం ఆ రోజు బడి లేదని సంతోషంగా ఉన్నాడు.

కదిలే బస్సు వెంబడి పరిగెత్తడం మానండి. రివర్స్ చేసేటప్పుడు డ్రైవర్‌కు అద్దంలో కనపడినంతే కనపడుతుంది. మిగతాదంతా అదృష్టం.

పాతూరు_అంగడి:
సారు చెప్పింది బాగుంది. ఒక టవల్‌కు ఒక సీటు, బాటిల్ చెల్లదు, ఒప్పుకుంటా. కానీ నా ప్రశ్నకు కూడా జవాబు చెప్పాల. మా నాయనకు మోకాళ్ళ నొప్పులు. డోర్ దగ్గర ఆ తోపులాటలో ఎక్కలేడు. నేను ముందు పోయి టవల్ వేస్తా, జనం సర్దుకున్నాక ఆయన నిదానంగా ఎక్కుతాడు. ఇది తప్పా? పరిగెత్తలేనోళ్ళ కోసమే నేను పరిగెత్తుతున్నా. దీన్ని కూడా కండబలం అంటారా? ఎవరేమనుకున్నా ఆయన కోసం వేస్తూనే ఉంటా.

టీచరమ్మ_ఉరవకొండ:
మీరు చేసేది తప్పని నేను అనను. నాన్నగారిని అలా చూసుకుంటున్నందుకు సంతోషం. కానీ చూడండి, కొడుకు వెంట ఉన్న పెద్దాయనకు సీటు దొరికింది, కొడుకు వెంట లేని అవ్వకు రచ్చ దొరికింది. ఇద్దరికీ మోకాళ్ళు నొప్పులే. అరవై దాటిన మగవాళ్ళకు ఛార్జీలో 25 శాతం రాయితీ ఇస్తున్నారు, ఆడవాళ్ళకు ఇప్పుడు ఉచితమే. డబ్బు దగ్గర వయసును లెక్కలోకి తీసుకున్నాం, ఎక్కే దగ్గర తీసుకోలేదు. బస్టాండులో బస్సు ఆగాక ముందు పెద్దవాళ్ళను, పిల్లల తల్లులను ఎక్కించి, తర్వాత మిగతావాళ్ళను వదిలితే మీ టవల్ మీ భుజం మీదే ఉంటుంది.

పాతూరు_అంగడి:
వదిలేది ఎవరు మేడం? ఆ డోర్ దగ్గర నిలబడి ఆపే మొనగాడు ఉరవకొండ రూట్లో ఇంకా పుట్టలేదు.

హాస్టల్_పిల్ల:
ఇంకో సంగతి. ముందు వరుసల్లో ఆడవాళ్ళ సీట్ల పైన "స్త్రీలను గౌరవించుట మన సంప్రదాయం" అని రాసి ఉంటుంది. దాని కిందే ఒకాయన నోరు తెరుచుకుని నిద్రపోతుంటాడు. లేపితే "నా భార్య కోసం పట్టిన, మధ్యలో ఎక్కుతాది" అంటాడు. కూడేరు వచ్చింది, ఆమె ఎక్కలేదు. ఉరవకొండ వచ్చింది, ఆయనొక్కడే దిగిపోయాడు. ఈయన టవల్ కూడా వెయ్యలేదు, మనిషే టవల్.

సీమ_ఎక్స్‌ప్రెస్:
ఆడవాళ్ళ సీట్లలో మగవాళ్ళు కూర్చోవడం తప్పే, దాంట్లో నేను కూడా మీ వైపే. కానీ వెనక సీట్లు మొత్తం ఆడవాళ్ళతో నిండిపోతే మేం ఎక్కడ కూర్చోవాల? దీనికి ఎవరూ జవాబు చెప్పడంలేదు.

టీచరమ్మ_ఉరవకొండ:
ఇది సరైన ప్రశ్న. సాయంత్రం ఐదు నుంచి ఏడు లోపల ఈ రూట్లో ఇంకో బస్సు కావాలి. డిపోకు అర్జీ రాద్దాం, మీరూ సంతకం పెడతారా?

సీమ_ఎక్స్‌ప్రెస్:
పెడతా. కానీ ఫ్రీ మీద నా అభిప్రాయం మారలేదు, అది రాసుకోండి.

రైతు_వజ్రకరూరు:
అందరూ టవల్ దగ్గరే ఆగిపోయినారు. డ్రైవర్ డోర్ తీసి, స్టీరింగ్ పక్క నుంచి దూకి ముందు సీట్లు పట్టేవాళ్ళ సంగతి ఏంది?

రిటైర్డ్_కండక్టర్:
వాళ్ళను మాత్రం నేను వదిలేవాణ్ణి కాదు. కిందికి దింపి, మళ్ళీ అందరితో పాటు డోర్ నుంచే ఎక్కించేవాణ్ణి. దాంట్లో మొహమాటం లేదు.

రైతు_వజ్రకరూరు:
అదికాదు సారూ, డ్రైవర్ మనకు తెలిసినోడై, ఆయనే పిలిచి ఎక్కించుకుంటే?

రిటైర్డ్_కండక్టర్:
ఆ డ్రైవర్ ఎవరో చెప్పు ముందు.