మా ఆయన పాప ఫోటోలు పబ్లిక్‌గా పెట్టేస్తున్నారు, ఎలా ఆపాలి?

ఎంవీపీ అమ్మ:
పాపకి ఎనిమిదేళ్లు. అది ఏం చేసినా మా ఆయన ఇన్‌స్టాలో పెట్టాల్సిందే, అకౌంట్ కూడా పబ్లిక్. మొన్న ఆదివారం ఆర్కే బీచ్‌లో సబ్‌మెరైన్ దగ్గర మురీ మిక్చర్ తింటుంటే ఎవరో వచ్చి "ఏమ్మా బుజ్జులూ, ముందు పన్ను ఊడిందటగా" అన్నాడు. బుజ్జులు మేం ఇంట్లో పిలుచుకునే పేరు! ఆ మనిషి ఎవరో నాకు తెలీదు, మా ఆయనకీ తెలీదు, రీల్‌లో చూశాడట. పాప నా చున్నీ పట్టుకుని వెనక్కి వెళ్లిపోయింది. ఈయనేమో "అభిమానంగా పలకరించాడు, దానికి టెన్షన్ ఎందుకు" అని నవ్వేశారు. గొడవ లేకుండా ఎలా చెప్పాలి?

గాజువాక నాన్న:
నేనూ అలాంటోణ్ణే అండి. లొకేషన్ ఆఫ్ చేశానుగా అనే ధైర్యం. ఒకరోజు మా తమ్ముడు నా ఫోటోలు చూసి బాబు ఏ స్కూలో, ఏ ఆటోలో వస్తాడో, ఎన్నింటికి గేటు దగ్గర దిగుతాడో గడగడా చెప్పేశాడు. టై మీద బ్యాడ్జి, వెనకాల అపార్ట్‌మెంట్ బోర్డు, ఆటో నంబరు, అన్నీ నేను పెట్టినవే. మీరు ఏమీ అనకండి, వేరే ఫోన్‌లో ఆయన పేజీ తెరిచి చేతికివ్వండి.

నర్సీపట్నం కోడలు:
అసలు పెట్టొద్దంటే మా ఇంట్లో కుదరదు, రెండ్రోజులు ఫోటో కనపడకపోతే అత్తయ్యగారు ఫోన్ చేసేస్తారు. వాట్సాప్ స్టేటస్‌లో "ఓన్లీ షేర్ విత్" పెట్టి పదిమందికే చూపిస్తున్నా. మా పెదమావగారు దాన్నీ స్క్రీన్‌షాట్ తీసి ఊరి గ్రూపులో వేశారు, అది వేరే కథ.

సీతమ్మధార లాయర్:
2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు పిల్లల డేటాకి కంపెనీలు తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలి. మీ ఇంట్లో పెట్టేదే తండ్రి కాబట్టి అది మీకు పనికొచ్చేది తక్కువ. ఫ్రాన్స్‌లో 2024లో తెచ్చిన చట్టం వేరు, తల్లిదండ్రులకి మాట కుదరకపోతే, రెండోవాళ్లు ఒప్పుకోకుండా పెట్టకూడదని జడ్జి చెప్పొచ్చు. పాప వయసుని బట్టి దాన్నీ అడగాలి. మీరు పాపని అడిగారా?

ఎంవీపీ అమ్మ:
లాయర్ గారూ, అడగలేదు, నిజం చెప్పాలంటే నాకే తట్టలేదు. రాత్రి భోజనాల దగ్గర అడిగితే "పన్ను ఫోటో తీసెయ్ నాన్నా, ఆటోలో అందరూ బోసి బుజ్జులూ అంటున్నారు" అంది, కంచంలోంచి తలెత్తకుండా. ఆయన ఏమీ అనలేదు. పొద్దున చూస్తే అకౌంట్ ప్రైవేట్‌లో ఉంది, పన్ను ఫోటో లేదు. మొదటి పుట్టినరోజు వీడియో మాత్రం తియ్యనంటున్నారు, దానికే లైకులు ఎక్కువట.