రక్తం తినకూడదన్న ఆజ్ఞ నేటికీ చెల్లుతుందా?

ప్రశ్న (జనగామ జిల్లా నుండి ఒక విశ్వాసి):
అందరికీ ప్రభువు నామమున వందనాలు. ఇటీవల మా బంధువుల పెళ్లి విందులో మటన్ కూరతో పాటు నల్ల (జంతువు రక్తంతో చేసే కూర) కూడా వండించారు. రక్తం తినవద్దని సాక్షాత్తు దేవుడే ఆజ్ఞాపించాడంటూ సంఘ పెద్ద ఒకరు భోజనం ముందు నుండి లేచిపోగా, ధర్మశాస్త్రం సిలువతోనే కొట్టివేయబడిందని చెప్పి మరొకరు రెండోసారి వడ్డించుకున్నారు. ఇద్దరూ బైబిలు దేవుని వాక్యమని నమ్మేవారే. దేవుడిచ్చిన శాసనానికి కాలపరిమితి ఉంటుందా? ఉంటే దాన్ని నిర్ణయించే అధికారం ఎవరిది? ధర్మశాస్త్రం వద్దన్న పంది మాంసం తినేవారు, విశ్రాంతి దినమైన శనివారం పొలం పనికి వెళ్లేవారు ఈ ఒక్క ఆజ్ఞ దగ్గరే ఎందుకు ఆగుతున్నారో వాక్యాధారంతో వివరించగలరు.

మొదటి జవాబు:
సహోదరా, ఈ ఆజ్ఞ మోషేకు ధర్మశాస్త్రం ఇచ్చిన సీనాయి పర్వతం దగ్గర పుట్టినది కాదు. జలప్రళయం తరువాత నోవహుకు మాంసాహారాన్ని అనుమతించినప్పుడే దేవుడు ఈ షరతు పెట్టాడు (ఆదికాండము 9:4). అప్పటికి ఇశ్రాయేలు అనే జనాంగమే లేదు. లేవీయకాండము 17వ అధ్యాయం దీన్ని పరదేశులకు కూడా వర్తింపజేసింది. అన్యజనులకు (యూదులు కాని విశ్వాసులకు) సున్నతి అక్కరలేదని తీర్మానించిన అపొస్తలుల యెరూషలేము సభ సైతం విగ్రహాలకు అర్పించినవి, రక్తం, గొంతు పిసికి చంపినవి, జారత్వం మానుకోవాలని రాసి పంపింది (అపొస్తలుల కార్యములు 15). తొలి సంఘం దీన్ని అక్షరాలా పాటించింది. క్రీ.శ. 177లో లియోన్ పట్టణంలో హింసల పాలైన బిబ్లిస్ అనే స్త్రీ, క్రైస్తవులు పిల్లలను తింటారన్న నిందకు జవాబుగా, జంతువుల రక్తమే ముట్టకూడనివారు పిల్లలనెలా తింటారని అధికారులనే ఎదురు ప్రశ్నించింది. 692లో కాన్‌స్టాంటినోపుల్‌లో జరిగిన సభ, రక్తం వండుకు తినే గురువును పదవి నుండి, సామాన్య విశ్వాసిని సహవాసం నుండి తొలగించాలని తన 67వ నియమంలో శాసించింది.

రెండో జవాబు:
నోవహు ప్రస్తావన బలమైనదే గానీ, లేవీయకాండము 3:17 కూడా చదవండి. కొవ్వును గానీ రక్తాన్ని గానీ తినకూడదని, అది తరతరాలకూ నిత్యమైన కట్టడ అని ఒకే వాక్యంలో ఉంది. నల్ల దగ్గర లేచిపోయిన పెద్దాయన మటన్ కూరలోని కొవ్వు ముక్కలను పక్కన పెట్టారా? యెరూషలేము తీర్మానానికి కారణం ఆ అధ్యాయం 21వ వచనంలోనే ఉంది: ప్రతి పట్టణంలోనూ సమాజమందిరాలలో మోషే ధర్మశాస్త్రం చదవబడుతోంది కాబట్టి, యూదు విశ్వాసులతో ఒకే బల్ల దగ్గర కూర్చోవాలంటే ఈ మాత్రం సర్దుబాటు అవసరమైంది. సంఘ బోధకుడు అగస్టీను కాలానికే (నాలుగు, ఐదు శతాబ్దాలు), మెడ విరిచి చంపిన కుందేలును ముట్టనివారిని చూసి తోటి క్రైస్తవులు నవ్వే పరిస్థితి వచ్చింది. ఆ నిషేధానికి కారణం తొలగిపోయింది కనుక అది ముగిసిందని 1442లో కతోలిక సంఘపు ఫ్లోరెన్సు సభ ప్రకటించింది.

మొదటి జవాబు రాసిన వ్యక్తి:
కొవ్వు సంగతిని అపొస్తలులు ఎత్తలేదు, రక్తం సంగతిని ఎత్తారు; నాకు ఆ తేడా చాలు. పైగా అదే జాబితాలో జారత్వం కూడా ఉంది. జాబితా అంతా ఆ కాలపు సర్దుబాటే అయితే జారత్వ నిషేధాన్ని మాత్రం శాశ్వతమని ఎలా చెబుతారు?

మూడో జవాబు:
అన్నయ్య గారూ, జారత్వం తప్పని చెప్పడానికి ఆ జాబితా ఒక్కటే ఆధారం కాదు. పౌలు పత్రికలనిండా ఆ హెచ్చరిక ఉంది. రక్తం విషయంలో అలా లేదు. కటికవాని అంగడిలో అమ్మేదాన్ని విచారణ చేయకుండా తినవచ్చని కూడా ఆయనే రాశాడు (1 కొరింథీయులకు 10:25).

ఇక అసలు ప్రశ్నకు వస్తే, ఆజ్ఞ దేవునిదైనంత మాత్రాన అది మార్పు లేనిదని లేఖనం చెప్పదు. దాన్ని మార్చే అధికారం ఆ ఆజ్ఞ ఇచ్చినవానిదే అని చెబుతుంది. కొడుకులు లేని తండ్రి స్వాస్థ్యం తమకు దక్కాలని సెలోపెహాదు కుమార్తెలు అడిగినప్పుడు మోషే సొంతంగా తీర్పు చెప్పక యెహోవా సన్నిధికి తీసుకువెళ్లాడు. వారు అడిగినది న్యాయమేనని జవాబు వచ్చింది (సంఖ్యాకాండము 27). తరువాత 36వ అధ్యాయంలో, ఆ స్వాస్థ్యం గోత్రం దాటకుండా దానికే మరో నిబంధన చేరింది. నైతిక, ఆచార, న్యాయవిధులని మన బోధకులు చేసే మూడు విభాగాలు ఉపయోగకరమే అయినా, లేఖనం వాటిని విడివిడిగా రాసి పెట్టలేదు: పొరుగువానిని ప్రేమించమన్న వచనానికి (లేవీయకాండము 19:18) మరుసటి వచనమే రెండు రకాల నూలు కలిపిన బట్ట వేసుకోవద్దంటుంది. అందుకే ప్రతి ఆజ్ఞకూ అక్కడే చెప్పిన కారణాన్ని చూడాలి. రక్తాన్ని ప్రాయశ్చిత్తం కోసం బలిపీఠానికి కేటాయించానన్నది లేవీయకాండపు కారణం. క్రీస్తు ఒక్కసారే తన్ను అర్పించుకున్నాడన్న హెబ్రీ పత్రిక బోధతో అది నెరవేరిందని నా అభిప్రాయం. నోవహుకు చెప్పిన మాట మాత్రం నన్ను ఇంకా ఆపుతుంది కనుక నేను తినను. తినేవారిని పాపులని కూడా అనను. విందు పెట్టేవారు మాత్రం బలహీనమైన మనస్సాక్షి గురించి పౌలు రాసినది (1 కొరింథీయులకు 8) గుర్తుంచుకుని, సంఘమంతా వచ్చే భోజనాలలో నల్ల వద్దని వంటవాళ్లకు ముందే చెప్పాలి.