60 దాటాక ఎండాకాలం పరుగు: ఎవరెలా నెట్టుకొస్తున్నారు?

నెక్లెస్‌రోడ్_62
అందరికీ నమస్కారం. రోహిణి కార్తె ఇంకా రానేలేదు, హైదరాబాద్‌లో తెల్లారుజామున కూడా గాలి వేడిగా తగులుతోంది. ఆగస్టు ఆఖర్లో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్ పరిగెత్తాలని గట్టి పట్టుదలతో ఉన్నాను. పీపుల్స్ ప్లాజా నుంచి గచ్చిబౌలి స్టేడియం దాకా ఆ ఫ్లైఓవర్లన్నీ ఎక్కి దిగాలంటే మే, జూన్‌లోనే పునాది పడాలి. మూడు సంగతులు అడుగుతున్నాను. ఎన్నింటికి బయల్దేరుతున్నారు? బీపీ మాత్ర పరుగుకి ముందు వేసుకుంటున్నారా, వచ్చాకా? ఫ్లైఓవర్ దిగేటప్పుడు మాత్రమే ఎడమ మోకాలిచిప్ప కింద లాగుతోంది, ఇంకెవరికైనా ఇలా ఉందా?

సింగరేణి_రిటైర్డ్
అన్నా, మాది గోదావరిఖని. ఎండ అంటే ఏందో మమ్ముల అడుగు. బొగ్గుబాయిల మూడు షిఫ్టులు చేసినోన్ని, లేసుడు నాకు కొత్త కాదు. నాలుగింటికి లేస్త, నాలుగున్నరకు రోడ్డు మీదుంట, ఆరు గొట్టంగ ఇంట్లుంట. వచ్చినంక పెద్ద చెంబెడు పల్చటి మజ్జిగ, దాంట్ల నిమ్మకాయ, అల్లం, ఉప్పు. ఉప్పు మాత్రం గట్టిగనే ఎయ్యాలె. అంగి మీద తెల్లగ చారలు కడ్తయి చూడు, అదంత ఒంట్లకెల్లి పోయిన ఉప్పే. పోయింది మళ్ల లోపలికి రావాలె గద. రంగు డ్రింకులు నేను ముట్ట.

మందులషాపు_ఖమ్మం
"ఉప్పు గట్టిగనే" అనే మాట చూసి ఉండబట్టలేక రాస్తున్నాను. అడిగినాయన బీపీ మాత్ర వేసుకుంటున్నానని స్పష్టంగా రాశారు. రోజు మొత్తానికి 5 గ్రాముల లోపే ఉప్పు తినమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అది ఒక చిన్న చెంచా. చెంబు మజ్జిగలోనే సగం పోసేస్తే ఇక మధ్యాహ్నం కూర, పచ్చడి, పెరుగన్నం సంగతేంటి? ఇలాంటి సలహా చదివి ఎవరికైనా పక్షవాతం వస్తే ఎవరు జవాబుదారీ?

బీచ్‌రోడ్_అమ్మమ్మ
మా విశాఖలో ఎండ కన్నా ఉక్క చంపుతుంది. తెల్లారుజామున ఆర్కే బీచ్ దగ్గర గాలిలో తేమ ఎంతుంటుందంటే చెమట కారిపోతుందే గానీ ఆరదు. ఆరితేనే కదా ఒళ్లు చల్లబడేది. అందుకే హైదరాబాద్ వాళ్ల వేగం, మా వేగం పక్కపక్కన పెట్టి చూడొద్దు. పొద్దున పూట బీచ్ రోడ్డులో బళ్లు ఆపేస్తారు, అది మాకు పెద్ద వరం. నేను పరుగు మొదలెట్టినప్పుడు మా వీధిలో అడగనివాళ్లు లేరు, "ఈ వయసులో ఏంటమ్మా, గుడికెళ్లి ప్రదక్షిణాలు చేసుకోవచ్చు కదా" అని. చుడీదార్ వేసుకుని, జడ పైకి కట్టుకుని పరిగెడుతున్నాను. కైలాసగిరి మలుపు దాకా వెళ్లి వస్తున్నాను. ఆ అడిగినవాళ్లలో ఇద్దరు ఇప్పుడు నాతో వస్తున్నారు.

సింగరేణి_రిటైర్డ్
ఖమ్మం సారూ, పక్షవాతం మాట దేనికి తెస్తున్నవ్? భూమి లోపల ఉక్కల పని జేసినోళ్లం మేము. ఉప్పు ఏసిన మజ్జిగ తాగే బతికినం. మా నాయన 84 ఏండ్లు బతికిండు. దుకాణంల ఏసీ కింద గూసొని చెప్తే సరిపోదు, నడిఎండల చెమట కార్చి చెప్పాలె.

మందులషాపు_ఖమ్మం
నా దుకాణంలో ఏసీ లేదు. నేనూ రోజూ లకారం చెరువు కట్ట మీద పరిగెడతాను, కావాలంటే వచ్చి చూడండి. మీ నాన్నగారు ఏ మాత్రలు వేసుకునేవారో చెప్పండి ముందు. బొగ్గు బాయిలో ఎనిమిది గంటలు పలుగు పట్టిన పాతికేళ్ల కుర్రాడికీ, గంట పరుగు పెట్టి వచ్చిన బీపీ ఉన్న 62 ఏళ్ల మనిషికీ ఒకే చెంచానా?

ప్రకాశంబ్యారేజీ
విజయవాడలో నాలుగున్నరకి బ్యారేజీ మీద అటూ ఇటూ పరుగు. ఒక దఫా కిలోమీటరుంపావు. కింద కృష్ణలో నీళ్లుంటే గాలి బాగుంటుంది, మే నెలలో ఇసుకే కనబడుతుంది, అప్పుడు రాత్రి కాగిన కాంక్రీటు తెల్లారేదాకా సెగ కక్కుతూనే ఉంటుంది. కుక్కల గురించి ఎవరూ రాయలేదే? నాలుగింటికి లేచేవాళ్లందరికీ అసలు గండం అదే. కర్ర పట్టుకుని పరిగెడుతున్నాను. మీరేం చేస్తున్నారు?

పీడీ_మాస్టారు
నేను పాటియాలా జాతీయ క్రీడా సంస్థ ఎన్‌ఐఎస్‌లో కోచింగ్ కోర్సు చేసి, ముప్పై ఏళ్లకు పైగా కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌గా పనిచేశాను. నా చేతుల మీదుగా జాతీయ స్థాయికి వెళ్లిన పిల్లలున్నారు. కనుక ఈ వాదన ఆపి నా మాట వినండి. ఉప్పెంత, నీళ్లెంత అని గాలిలో లెక్కలెందుకు? బాత్‌రూంలో తూకం మిషన్ పెట్టుకోండి. పరుగుకి ముందు, వచ్చాక చెమట తుడుచుకుని, తూగండి. ఒక కిలో తగ్గితే సుమారు లీటరు నీరు పోయినట్టు. ఒంటి బరువులో నూటికి రెండు పాళ్లకు మించి తగ్గితే మీరు తక్కువ తాగుతున్నారు. ముఖ్యమైన సంగతి, వచ్చాక బరువు పెరిగితే మరీ ప్రమాదం. వట్టి నీళ్లు అతిగా తాగితే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వాంతులు, మగత, చివరికి ఫిట్స్ కూడా వస్తాయి. రేసుల్లో నెమ్మదిగా వెళ్లే పెద్దవాళ్లు ప్రతి స్టాల్ దగ్గరా ఆగి తాగుతుంటారు. ఎక్కువగా పడిపోయేది వాళ్లే. ఇంకొకటి, వయసు పెరిగేకొద్దీ దాహం ఆలస్యంగా తెలుస్తుంది. దాహమేసినప్పుడు తాగుదాం అని కూర్చోవడం కుర్రాళ్లకి చెల్లుతుంది, మనకి కాదు.

సింగరేణి_రిటైర్డ్
చూసిండ్రా, మాస్టారు గూడ అదే అంటుండు. సోడియం పలచబడ్తది అంటే ఉప్పు కావాలనే గద.

మందులషాపు_ఖమ్మం
ఆయన అన్నది వట్టి నీళ్లు అతిగా తాగొద్దని. ఉప్పు గుప్పించుకోమని కాదు. సరే, నాకు తెలిసింది పూర్తిగా రాస్తాను. బీపీ మాత్రలన్నీ ఒకటి కాదు. కొన్నింటి పేరు చివర "హెచ్" అని ఉంటుంది, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిపారని అర్థం. అది మూత్రం ద్వారా నీటినీ సోడియాన్నీ బయటికి పంపిస్తుంది. దాని మీద ఎండలో పరుగంటే రెండు వైపులా కారిపోవడమే. అలాంటి మనిషికి ఉప్పు మరీ తగ్గినా కళ్లు తిరిగి పడిపోతాడు. మెటోప్రోలాల్, అటెనలాల్ లాంటివైతే గుండె వేగం పెరగనివ్వవు. చేతి గడియారంలో అంకె తక్కువగా ఉందని ఇంకా గట్టిగా పరిగెడితే మోసపోతారు. అందుకే ఎవరి మాత్ర ఏమిటో తెలియకుండా చెంచాల లెక్క చెప్పొద్దంటున్నాను. మాత్ర వేళ మార్చాలన్నా, మోతాదు మార్చాలన్నా రాసిన డాక్టర్నే అడగాలి. చీటీ పట్టుకెళ్లి "నేను ఎండాకాలంలో పొద్దున గంట పరిగెడతాను" అని ఆ ఒక్క ముక్క చెప్పండి. చాలామంది చెప్పరు.

ఓయూ_పాతబ్యాచ్
గడియారం మాట వచ్చింది కాబట్టి. గుండె నిమిషానికి గరిష్ఠంగా ఎన్నిసార్లు కొట్టుకోవచ్చో తెలియాలంటే 220 లోంచి వయసు తీసేయమనే పాత సూత్రంతో మన వయసువాళ్లు నష్టపోతున్నారు. 208 లోంచి వయసులో పదింట ఏడు వంతులు తీసేయడం మెరుగని 2001లో ఒక పెద్ద పరిశీలన తేల్చింది. 62 ఏళ్లకి పాత లెక్కలో 158, కొత్త లెక్కలో 165 దాకా వస్తుంది. అదీ సగటే. మాత్రలుంటే రెండూ పనికిరావు. నేను గడియారం తీసేసి ఊపిరిని నమ్ముతున్నాను, పక్కవాడితో పూర్తి వాక్యం మాట్లాడగలిగితే సరైన వేగం.

ఇంకో శుభవార్త. ఈ ఏప్రిల్ ఆఖర్లో కాచిగూడలో రైలెక్కి బెంగళూరు 10కె (పది కిలోమీటర్ల రేసు) కి వెళ్లొచ్చాను. మార్చి నుంచి మన ఓయూ క్యాంపస్‌లో ఆర్ట్స్ కాలేజీ చుట్టూ ఈ వేడిలో పరిగెత్తి అక్కడి చల్లని పొద్దులో నిలబడితే కాళ్లకి రెక్కలొచ్చాయి. ఎండకి ఒళ్లు అలవాటుపడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. ఆ తర్వాత రక్తంలో ద్రవం పెరుగుతుంది, చెమట త్వరగా మొదలవుతుంది, చెమటలో ఉప్పు తగ్గుతుంది. వేసవి పరుగు వృథా పోదు. మే నెలలో వేగం తగ్గిందని దిగులుపడి మానేసేవాళ్లకి చెబుతున్నాను, మానొద్దు.

బీచ్‌రోడ్_అమ్మమ్మ
రేసుల మాట వచ్చింది కనుక నా కడుపుమంట కూడా వినండి. మొన్నొక రేసులో 45 దాటిన ఆడవాళ్లందరినీ ఒకే వర్గంలో పడేశారు. 46 ఏళ్ల అమ్మాయితో 64 ఏళ్ల నేను పోటీపడాలా? మగవాళ్లకి 45, 55, 60 అని విడివిడిగా బహుమతులిచ్చారు. అడిగితే "మీ వయసు ఆడవాళ్లు ఎక్కువమంది రారండీ" అన్నారు. వర్గమే పెట్టకపోతే ఎలా వస్తారు?

పీడీ_మాస్టారు
అమ్మా, సంఖ్య లేకుండా వర్గం పెడితే ముగ్గురే పరిగెత్తి ముగ్గురూ పతకాలు తీసుకుంటారు. పోటీకి విలువుండదు. నిర్వాహకుల కష్టం కూడా చూడాలి.

బీచ్‌రోడ్_అమ్మమ్మ
మాస్టారూ, ముగ్గురే వచ్చినా ఆ ముగ్గురూ 21 కిలోమీటర్లు పరిగెత్తినవాళ్లే. విలువ ఎక్కడ పోయింది?

ఓయూ_పాతబ్యాచ్
అమ్మ చెప్పిందే న్యాయం. వయసును బట్టి సమయాన్ని సవరించే వరల్డ్ మాస్టర్స్ పట్టికలు ఎప్పటినుంచో ఉన్నాయి. ఐదేళ్లకొక వర్గం ప్రపంచమంతా నడుస్తోంది. కెనడా పెద్దాయన ఎడ్ విట్లాక్ 2004లో టొరంటో మారథాన్‌ని 73 ఏళ్ల వయసులో 2:54:48కి పరిగెత్తారు. ఇంటి దగ్గరున్న శ్మశానంలో గంటల తరబడి చుట్లు కొట్టేవారాయన. 85 ఏళ్లకి నాలుగు గంటల లోపే మళ్లీ పూర్తి చేశారు. అలాంటి మనిషిని 45 దాటినవాళ్ల గుంపులో కలిపేస్తే ఆ ఘనత ఎవరికి తెలుస్తుంది?

అట్లాంటా_అమ్మాయింట్లో
ఆర్నెల్లు ఇక్కడుంటాను. జూలై 4న పీచ్‌ట్రీ 10కె కి మా అల్లుడు పేరు కట్టించాడు. 1970 నుంచీ నడి వేసవిలోనే జరుగుతోంది, గుంటూరు ఉక్కకి ఏమీ తీసిపోదు. మూడో మైలు దగ్గర పెద్ద ఆసుపత్రి ముందు ఒక ఎత్తు ఉంది, దాన్ని కార్డియాక్ హిల్ అంటారు. నాకు బాగా నచ్చింది ఎండ తీవ్రతను చెప్పే జెండాలు. పచ్చ, పసుపు, ఎరుపు, నలుపు. ఎరుపు ఎగిరితే వేగం తగ్గించాలి, నలుపైతే ఆట ఆగినట్టే. మన దగ్గర ఆగస్టు రేసుల్లో ఇది పెడితే ఎంత బాగుంటుంది! సమయం మీద ఆశ వదులుకోవాలా వద్దా అన్నది పరిగెత్తేవాడి మొండితనానికి వదిలేయకుండా ఉంటుంది.

నెక్లెస్‌రోడ్_62
అందరికీ ధన్యవాదాలు. నా మాత్రకి చివర "హెచ్" ఉంది, చీటీ చూశాను. గురువారం డాక్టర్ దగ్గరికి వెళుతున్నాను. మోకాలి సంగతి ఎవరైనా చెబుతారా?

ప్రకాశంబ్యారేజీ
కుక్కల సంగతి కూడా.

సింగరేణి_రిటైర్డ్
కుక్కలకు ఉరకొద్దు. నిలబడు, వాటి దిక్కు తిరుగు, వంగి రాయి తీస్తున్నట్టు చెయ్యి, వెనుకకు మెల్లగ నడువు. ఉరికినవంటే ఎంట పడ్తయి. కరిస్తే మాత్రం గాయాన్ని పదిహేను నిమిషాలు సబ్బుతోని ధార నీళ్ల కింద కడిగి, అదే రోజు సూదికి పోవాలె. పసుపు రాసుడు, సున్నం పెట్టుడు చెయ్యొద్దు.

మందులషాపు_ఖమ్మం
ఇది నూటికి నూరుపాళ్లు నిజం.

ఓయూ_పాతబ్యాచ్
కుక్కల కన్నా బండ్లతోనే ఎక్కువ భయం. ఫౌజా సింగ్ గారు 89 ఏళ్లకి లండన్‌లో మొదటి మారథాన్, నూరేళ్లకి 2011లో టొరంటో పూర్తి చేశారు. అంతటి మనిషి 2025 జూలైలో జలంధర్ దగ్గర సొంతూరి రోడ్డు దాటుతుంటే కారు గుద్ది పోయారు. 114 ఏళ్లు. నాకిప్పటికీ మింగుడుపడలేదు. చీకట్లో పరిగెత్తేవాళ్లు దయచేసి కుడి పక్కన, ఎదురొచ్చే బండ్లు కనిపించేలా పరిగెత్తండి. మెరిసే పట్టీ కట్టుకోండి. చెవుల్లో పాటలు వద్దు.

బీచ్‌రోడ్_అమ్మమ్మ
నెక్లెస్ రోడ్ గారూ, మీ మోకాలి గురించి. నాకూ దిగుడులోనే లాగేది. అడుగు చిన్నది చేసుకుని, నిమిషానికి వేసే అడుగుల సంఖ్య పెంచండి. మడమ ముందుకు విసిరి బ్రేకు వేసినట్టు దిగొద్దు. ఇంట్లో మెట్టు మీద ఒంటికాలితో నిలబడి రెండో కాలు మెల్లగా కిందికి దించి, నేల తాకించి పైకి తేవాలి. గోడకి వీపు ఆనించి కుర్చీలో కూర్చున్నట్టు నిలబడటం కూడా చేయండి. తొడ కండ గట్టిపడితే చిప్ప మీద భారం తగ్గుతుంది. మా ఫిజియో అమ్మాయి నేర్పింది. వాపు వచ్చినా, రాత్రి పడుకున్నా నొప్పి తగ్గకపోయినా మాత్రం చూపించుకోండి.

పీడీ_మాస్టారు
దిగుడు సాధన లేకుండా ఫ్లైఓవర్ల రేసుకి వెళ్లకూడదు. వారానికోసారి ఎక్కడం దిగడం రెండూ చేయాలి, నేను పిల్లలతో అదే చేయించేవాణ్ని.

అట్లాంటా_అమ్మాయింట్లో
మాస్టారూ, మీ పిల్లలకి ఇరవై ఏళ్లు. మాకు అరవై. వారానికోసారి వద్దు, ముందు అమ్మ చెప్పినవి నెల రోజులు చేయనివ్వండి.

పీడీ_మాస్టారు
నాకు 71. నేను ఇప్పటికీ చేస్తున్నాను.

మందులషాపు_ఖమ్మం
ఒక్క మాట. దుకాణాల్లో డబ్బా మీద ఓఆర్‌ఎస్ అని ఉంటే చాలు అనుకుని చక్కెర నీళ్లు కొనేవాళ్లని ఏళ్ల తరబడి చూశాను. మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్లపాటు పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు అలా వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది. అసలైన పొడిలో లీటరుకి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు, వాటితోపాటు పొటాషియం క్లోరైడ్, సిట్రేట్. ప్యాకెట్ వెనక చదివి కొనండి. లీటరు ప్యాకెట్ అయితే లీటరు నీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి, సగం సగం వద్దు. అదీ రోజూ తాగేది కాదు, గంట దాటి బాగా చెమట పోసిన రోజున. మామూలు రోజుల్లో పలచటి మజ్జిగ మంచిదే, నాకు మజ్జిగతో ఏ గొడవా లేదు.

గుంటూరు_కొత్త
నమస్తే అండీ. 58 ఏళ్లు, షుగర్ ఉంది, నిన్ననే బూట్లు కొన్నాను. ఎంత ఉప్పు వేసిన మజ్జిగ తాగాలి? పరుగుకి ముందు ఏమైనా తినాలా?

సింగరేణి_రిటైర్డ్
తమ్మీ, ముందు ఏ మాత్రలు ఏసుకుంటున్నవో రాయి. ఇన్సులిన్ ఉన్నదా? ఖాళీ కడుపుతోని ఒక్కనివే ఉరకకు, జేబుల గ్లూకోజు పొట్లం పెట్టుకో. మజ్జిగ సంగతి తర్వాత.