అప్‌డేట్: అగ్గిపెట్టెలో ప్రేమలేఖ, మడతలు చిరగడం ఆగింది

అగ్గిపెట్టెలో విసనకర్రలా మడిచి పెట్టే ప్రేమలేఖ మడతల దగ్గర పగులుతోందని, అక్షరాలు అలుక్కుపోతున్నాయని అడిగాను కదా. రెండూ తేలాయి.

తప్పు నేను వాడిన చార్ట్ పేపర్‌ది. మందం ఎక్కువ, పైగా మడత నారకు (కాగితంలో పీచు సాగే దిశకు) అడ్డంగా పడింది. బదులుగా ఏ4 కాగితం వాడండి. వాటిలో నార సాధారణంగా పొడవు వెంట ఉంటుంది కాబట్టి, పట్టీలు పొట్టివైపు వెంట కోయాలి, అప్పుడు మడత నార వెంటే పడుతుంది. వెడల్పు 3 సెం.మీ., పొడవు 19: 4.5 చొప్పున నాలుగు గళ్లు, మిగిలిన 1 సెం.మీ. అతుక్కి. మూడు పట్టీలు చాలు. మడిచేచోట స్కేలు ఆనించి, సిరా అయిపోయిన రీఫిల్‌తో ఒక గీత లాగండి. అతుకులకు గ్లూ స్టిక్కే. తెల్ల గమ్‌లో నీటికి కాగితం ఉబ్బి ముడతలు పడుతుంది.

బెజవాడ ఉక్కకి, చెమట వేళ్లకి జెల్ పెన్ నిలవదు. బాల్‌పెన్ వాడండి.

మొదటి గడిలో: "ఉక్కగా ఉందా? ఇంకా పదకొండు గళ్లున్నాయి, విసురుకో."