వంపు గేటు మీద నీళ్ళే లేకపోతే ఆ నీటి బరువు ఎందుకు కట్టాలి?

గునుపురం కుర్రోడు:
డిప్లొమా రెండో ఏడు. ఇంటర్నల్‌లో వచ్చిన లెక్క ఇది. పావు వృత్తం గేటు, వ్యాసార్థం 2 మీటర్లు, వెడల్పు 1 మీటరు. కేంద్రం నీటి మట్టంలోనే ఉంది. నీళ్ళు ఉబ్బెత్తు వైపు, అంటే వంపు కింద. లోపలివైపు గాలి. నిలువు బలం సున్నా అని రాశాను, పైన నీళ్ళు లేవు కాబట్టి. 6 మార్కులు కొట్టేశారు. లేని నీటికి బరువేటండి?

పర్లాకిమిడి ట్యూషన్:
రూలు రాసుకో తమ్ముడూ. అడ్డబలం అంటే గేటుని ఎదురుగా చూస్తే కనబడే నిలువు పలక మీద బలం. ఘనమీటరు నీటి బరువు 9.81 కిలోన్యూటన్లు, సగటు లోతు 1, పలక వైశాల్యం 2: 9.81 × 1 × 2 = 19.62 కిలోన్యూటన్లు. నిలువు బలం అంటే వంపు నుంచి నీటి మట్టం దాకా పట్టే నీటి బరువు. పావు వృత్తం వైశాల్యం 3.1416, కాబట్టి 9.81 × 3.1416 = 30.82. నీళ్ళు కిందుంటే దిక్కు పైకి. ఊహాజలం అంటారు. పదిహేనేళ్ళుగా చెప్తున్నాను, ఎవడికీ మార్కు పోలేదు.

కొరాపుట్ కాఫీ:
ఇంటిగ్రేషన్ చేసుకోండ్రా బాబూ, గోల వదులుద్ది.

గునుపురం కుర్రోడు:
రూలు తెలుసు గురువుగారూ. ఎందుకు అన్నదే అడిగాను.

నాగావళి గట్టు:
ఖాళీ బిందె తీసుకెళ్ళి తొట్టిలో నిటారుగా నొక్కు. లోపల చుక్క లేదు కదా, మరి చేతిని పైకి తన్నేదేటి? ఒక చోట పీడనం లోతుని బట్టే ఉంటుంది. రేకుకి లోపల నీళ్ళుంటే కిందికి నొక్కుతాయి. బయటుంటే అదే లోతులో, అదే పీడనంతో పైకి నెడతాయి. అంకె ఒకటే, దిక్కు మారింది. అంకె దొరకడానికే లోపల నీళ్ళున్నట్టు అనుకుంటాం, అంతే.

పర్లాకిమిడి ట్యూషన్:
బిందె తేలే వస్తువు, అది ఆర్కిమెడిస్ పాఠం. గేటు తేలదు. పిల్లల్ని తికమక పెట్టకండి.

నాగావళి గట్టు:
పావు వృత్తం గేటంటే బిందె అడుగులో ఒక ముక్కే కదయ్యా!

పర్లాకిమిడి ట్యూషన్:
ముక్కకీ బిందెకీ ఒకే రూలా? సరే, అసలు గొప్పతనం చూడండి. అడ్డబలం కేంద్రానికి 1.333 మీటర్ల కింద పనిచేస్తుంది, 19.62తో గుణిస్తే 26.16. నిలువు బలం కేంద్రం నుంచి అడ్డంగా 0.849 మీటర్ల దూరంలో, 30.82తో గుణిస్తే మళ్ళీ 26.16. ఎదురెదురు దిక్కులు, చెల్లు. మొత్తం బలం 36.53, నేరుగా కేంద్రంలోంచి పోతుంది. రేడియల్ గేటు, అంటే పిన్ను చుట్టూ తిరుగుతూ లేచే వంపు గేటు, దానికి పిన్ను అక్కడే పెడతారు. తిప్పుడు సున్నా. గేటు బరువు మోస్తే చాలు, పైకి లేస్తుంది.

బరంపురం బావ:
మరి 2024 ఆగస్టులో తుంగభద్ర 19వ గేటు ఎందుకు కొట్టుకుపోయింది?

కొరాపుట్ కాఫీ:
అది గొలుసు తెగిన నిలువు గేటు బావా, బల్లపరుపు. ఇక్కడ వంపు గురించి కొట్టుకుంటున్నారు.

నాగావళి గట్టు:
తిప్పుడు సున్నా అన్న ముక్క నాకూ చెప్పారు. గ్రీజు కావాలని ఇండెంటు పెడితే, "నీళ్ళ బలం పిన్నులోంచే పోతోంది, గ్రీజు దేనికి" అన్నాడు పై ఆఫీసరు. రెండు వర్షాకాలాలు గేటు కీచుమంటూ లేచింది, తర్వాత గేటుని లేపే హోయిస్టు మోటారు మాడింది. నా జీతంలో కోత. పిన్నులోంచి పోతోంది కాబట్టే ఆ 36 కిలోన్యూటన్లూ పిన్నునే అదిమిపెడతాయి, ఎంత అదిమితే అంత రాపిడి! అమెరికాలో ఫోల్సమ్ డ్యామ్, 1995 జూలై 17. రేడియల్ గేటు తెరుస్తుండగానే విరిగింది. పిన్ను రాపిడిని డిజైన్‌లో లెక్కెయ్యలేదు. ఇది మీ ట్యూషన్‌లో చెప్తారా?

పర్లాకిమిడి ట్యూషన్:
సిలబస్‌లో ఉంటే చెప్తాను. మా ఇంటికొచ్చే పిల్లలు ఒడియాలో చదువుకుని, ఇంగ్లీషులో పరీక్ష రాసి, తెలుగులో "అన్నా, అర్థం కాలేదు" అంటారు. ముప్పావు గంటలో నేను బిందెలు నొక్కించనా, పాస్ చేయించనా? ఎందుకో నాకూ ఎవరూ చెప్పలేదు. గట్టు మీద కూర్చుని మాట్లాడ్డం తేలిక.

నాగావళి గట్టు:
గట్టు మీద కూర్చోలేదు బాబూ, గేటు కింద దిగాను.

కొరాపుట్ కాఫీ:
కుర్రాడి మార్కుల సంగతి ఎక్కడికి పోయింది?

గునుపురం కుర్రోడు:
ఇక్కడే ఉన్నాను. అమ్మ ఇత్తడి బిందె నొక్కి చూశాను, మెడ దాకా రాలేదు, చెయ్యి జారి నీళ్ళన్నీ వంటింట్లో. తిట్లు పడ్డాయి. నిజమే, తంతోంది.

నాగావళి గట్టు:
అయితే చెప్పు. నీళ్ళు కేంద్రం కంటే ఇంకో మీటరు పైకెక్కాయి, గేటు పైన నిలువు గోడ ఉంది. నిలువు బలం ఎంత?

గునుపురం కుర్రోడు:
పావు వృత్తం 3.1416, దాని మీద 2 × 1 చతురస్రపు ముక్క కలిపితే 5.1416. నీళ్ళు అక్కడ లేకపోయినా సరే. 50.44, పైకి.

పర్లాకిమిడి ట్యూషన్:
చతురస్రం కాదురా, దీర్ఘచతురస్రం. అడ్డబలం 39.24 కూడా రాయి, లేకపోతే సగం మార్కులు కొట్టేస్తారు.