అప్‌డేట్: పద్మిని ఫ్యాన్ హెచ్చరిక దీపం దారికి వచ్చింది

నా 1986 ప్రీమియర్ పద్మిని కారుకు తర్వాత అమర్చిన, రేడియేటరును చల్లబరిచే ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఆగినప్పుడు డ్యాష్‌బోర్డులోని దీపం వెలుగుతూ, ఫ్యాన్ తిరిగినప్పుడు ఆరిపోతోందని గతంలో అడిగాను. ఎర్త్ (కారు బాడీకి కలిసే కనెక్షన్) లోపమే కావచ్చని చాలామంది అన్నారు కానీ, అసలు తప్పు దీపాన్ని కలిపిన చోటులో ఉంది.

చిత్తూరులో పాత కార్ల పని తెలిసిన ఒక ఎలక్ట్రీషియన్‌తో కూర్చుని వైర్లన్నీ వెతకగా, బల్బు ఒక కొస ఇగ్నిషన్‌కూ, రెండో కొస ఫ్యాన్‌కు వెళ్లే లైవ్ వైరుకూ కలిపి ఉన్నాయని తేలింది. రిలే (ఫ్యాన్‌కు కరెంటు కలిపే, ఆపే స్విచ్చు) తెరిచి ఉన్నంతసేపూ, అంటే ఫ్యాన్ ఆగి ఉన్నప్పుడు, బల్బు కరెంటు మోటారు తీగచుట్ట గుండా ఎర్త్‌కు చేరుతుంది. చుట్ట నిరోధం చాలా తక్కువ కనుక బల్బు దాదాపు పూర్తి కాంతితో వెలుగుతుంది. రిలే మూసుకోగానే బల్బు రెండు కొసల్లోనూ 12 వోల్టులే ఉండి, కరెంటు పారక దీపం ఆరిపోతుంది. ఇన్నాళ్లూ నేను రేడియేటరును అనుమానించడం తలచుకుంటే నవ్వొస్తోంది.

ఇప్పుడు బల్బు ఒక కొసను ఫ్యూజు దాటాక రిలేలో ఫ్యాన్‌కు కరెంటు పంపే 87వ టెర్మినల్‌కూ, రెండోదాన్ని పెయింటు గీకిన బాడీ బోల్టుకూ బిగించాము. ఆదివారం పలమనేరు దారిలో మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు ఫ్యాన్‌తోపాటే దీపం వెలిగి, దానితోపాటే ఆరింది. మోటారే చెడితే మాత్రం ఈ దీపం చెప్పలేదు. అందుకే ఉష్ణోగ్రత ముల్లుపై చూపు మానలేదు.