‘కీడెంచి మేలెంచు’: ఎంచేది ఎవరు?

ప్రశ్న:

పర్యావరణ విధానం మీద ఒక పాఠ్యవ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. హాని జరుగుతుందని శాస్త్రం పూర్తిగా తేల్చకముందే నివారణ చర్యలు తీసుకోవాలన్న అర్థంలో అందులో పదేపదే వచ్చే ‘ప్రికాషనరీ ప్రిన్సిపుల్’ అన్న మాటను మన పత్రికలు ‘ముందుజాగ్రత్త సూత్రం’ అని రాస్తున్నాయి. తప్పు అనలేను గాని, మబ్బు పట్టినప్పుడు గొడుగు తీసుకువెళ్లడమూ ముందుజాగ్రత్తే కదా, సూత్రం బరువు ఆ మాటలో కనిపించడం లేదు. ‘కీడెంచి మేలెంచు’ అన్న మన సామెత దీనికి అతికినట్లు సరిపోతుందని నాకు తోస్తున్నది. ఆ సామెతనే పేరుగా పెట్టవచ్చునా? వ్యాకరణం తెలిసినవారు, విషయం తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు:

నమస్కారమండీ. పేరుగా వద్దు, వివరణలో మాత్రం తప్పక వాడండి అన్నది నా అభిప్రాయం. సామెత ఈ సూత్రంలోని ఆలోచనా క్రమాన్ని చక్కగా పట్టుకున్నది. కానీ సూత్రానికి అసలు పదును తెచ్చిన అంశం, అంటే రుజువు చేసే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న, సామెతలో లేదు. లేకపోవడానికి కారణం దాని వ్యాకరణంలోనే ఉన్నది కనుక కాస్త వివరంగా రాస్తాను.

ముందు ‘ఎంచు’ సంగతి చూద్దాం. ఈ ధాతువుకు లెక్కించడం, భావించడం అన్న రెండు అర్థాలూ ఉన్నాయి. ‘తప్పులెంచడం’లో లెక్క ఉంది, ‘గొప్పగా ఎంచడం’లో తలపు ఉంది. తమిళంలో ‘ఎణ్ణు’ కూడా అంతే, తలచడమూ అదే, లెక్కించడమూ అదే. మన ‘ఎన్ను’, ‘ఎన్నిక’ ఆ కుటుంబానివే. ఈ రెండు అర్థాల మధ్య ఉన్న సందులోనే ముందుజాగ్రత్త సూత్రం పుట్టింది. అమెరికన్ ఆర్థికవేత్త ఫ్రాంక్ నైట్ 1921లోనే రిస్కు వేరు, అనిశ్చితి వేరు అని విడదీశాడు. సంభావ్యతను అంకెల్లో చెప్పగలిగితే అది రిస్కు, అంకెలకు లొంగకపోతే అనిశ్చితి. లెక్కకు వచ్చే కీడును బీమా కంపెనీ కూడా ఎంచగలదు. లెక్కకు రాని కీడును, అయినా తలచక తప్పని కీడును, విధానకర్త ఏ విధంగా ఎంచాలన్నదే చిక్కు. ‘ఎంచు’ అన్న ఒక్క క్రియ ఈ రెండు పనులనూ మోస్తున్నది కాబట్టి, మీకు సామెత సరిపోయినట్లు తోచడంలో వింత లేదు.

ఇక సూత్రం సంగతి. 1970లలో పశ్చిమ జర్మనీ పర్యావరణ విధానంలో ‘ఫోర్‌జోర్గె’ అన్న మాట స్థిరపడింది. ‘ఫోర్’ అంటే ముందు, ‘జోర్గె’ అంటే చింత, శ్రద్ధ. పత్రికల ‘ముందుజాగ్రత్త’ ఆ జర్మన్ మాటకు ముక్కకు ముక్కగా సరిపోవడం తమాషా అయిన సంగతి, ఎవరూ జర్మన్ చూసి చేసి ఉండరు. 1992లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సదస్సులో వెలువడిన రియో ప్రకటనలోని 15వ సూత్రం దీనిని ప్రపంచానికంతటికీ చెప్పింది. తీవ్రమైన, లేదా తిరిగి సరిదిద్దలేని హాని కలిగే ముప్పు ఉన్నచోట, పూర్తి శాస్త్రీయ నిశ్చయం లేదన్న సాకుతో, ఖర్చుకు తగిన ఫలితమిచ్చే నివారణ చర్యలను వాయిదా వేయరాదన్నది దాని సారాంశం. ఇక్కడ ‘తిరిగి సరిదిద్దలేని’ అన్న విశేషణాన్ని గమనించండి. సామెతకు ఆ పట్టింపు లేదు. ప్రయాణమైనా పెళ్లి సంబంధమైనా కీడెంచి మేలెంచమనే పెద్దలు చెబుతారు.

తత్త్వశాస్త్రంలో మన సామెతకు అతి దగ్గరగా వచ్చినవాడు హాన్స్ యోనాస్. 1979లో వెలువడిన తన గ్రంథంలో, మానవజాతి మనుగడకే ఎసరు తెచ్చే సాంకేతిక శక్తి చేతిలో ఉన్నప్పుడు, మంచి జరుగుతుందన్న జోస్యం కంటె చెడు జరుగుతుందన్న జోస్యానికే ఎక్కువ చెవి ఒగ్గాలని వాదించాడు. అయితే ఆయన కీడు వైపే మొగ్గు చూపమన్నాడు, సామెత అంత దూరం పోదు. కీడును ముందు ఎంచమంటుంది గాని, కీడుకే ఓటు వేయమని చెప్పదు. సామెతలో సగాన్నే గుర్తు పెట్టుకుని దానిని పిరికివాళ్ల నీతిగా చూడడం మనలో చాలామందికి అలవాటు. ‘మేలెంచు’ అన్నదే అందులో సమాపక క్రియ, వాక్యం అక్కడికి చేరితే గాని పూర్తి కాదు.

అసలు విషయానికి వస్తున్నాను. ‘ఎంచి’ అన్నది క్త్వార్థకం, అంటే మరో పనికి ముందు జరిగే పనిని చెప్పే అసమాపక క్రియ. ‘సమానకర్తృకయోః పూర్వకాలే’ అని పాణిని చెప్పిన లక్షణంలో రెండు షరతులున్నాయి. ఒకటి, ఆ పని ముందు జరగాలి. రెండు, రెండు పనులకూ కర్త ఒక్కడే కావాలి. ‘వాన కురిసి చెరువు నిండింది’ అనడం లేదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, తెలుగు క్త్వార్థకం సంస్కృతమంత కట్టుదిట్టమైనది కాదు, కార్యకారణ సంబంధం ఉన్నచోట కర్తలు వేరైనా చెల్లుతుంది. కానీ విధ్యర్థకంలో, అంటే ఫలానా పని చేయమని చెప్పే వాక్యంలో, ఆ వెసులుబాటు లేదు. ‘అన్నం తిని వెళ్లు’ అంటే తినేదీ వెళ్లేదీ నువ్వే. అలాగే కీడు ఎంచేదీ మేలు ఎంచేదీ ఒక్కడే, పైగా ఆ కీడూ మేలూ పడేది కూడా అతడి మీదనే అన్న ఊహ సామెతలో ఇమిడి ఉన్నది. ఒక రైతు, ఒక ఇల్లాలు, తన సంసారం వరకు ఆలోచించుకునే మనిషి, వీరికి చెప్పిన మాట అది. ప్రజావిధానంలో చిక్కంతా కర్తలు విడిపోవడంతోనే మొదలవుతుంది. మేలు ఎంచుకునేది ఒకరు, కీడు అనుభవించేది మరొకరు.

దీనికి మన దగ్గరి ఉదాహరణే ఉన్నది. 1908 నాటి మూసీ వరదల తరువాత కట్టిన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జంటనగరాలకు తాగునీరిచ్చిన జలాశయాలు. వాటి చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో కాలుష్యకారక పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాస కాలనీలు రాకూడదని 1996 మార్చి 8న 111వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది. ఆ పరిధిలో, శంషాబాద్ మండలంలో, ఆముదం నుంచి ఉత్పత్తులు తీసే ఒక కర్మాగారం అనుమతి కోరింది. గ్లిజరిన్‌తో పాటు వాడేసిన నికెల్ ఉత్ప్రేరకం కూడా అక్కడ మిగిలే పదార్థాల్లో ఒకటి. కాలుష్య నియంత్రణ మండలి కాదన్నది. అప్పీలు అథారిటీ, ఈ సాంకేతిక పద్ధతి వల్ల హాని లేదన్న నిపుణుడి అఫిడవిట్‌ను నమ్మి, సరేనన్నది. వ్యాజ్యం సుప్రీంకోర్టుకు చేరగా, 1999 జనవరిలో జస్టిస్ మజ్ముదార్, జస్టిస్ ఎం. జగన్నాథరావుల ధర్మాసనం ఇచ్చిన తీర్పు, శాస్త్రంలో అనిశ్చితి ఎక్కడ పుడుతుంది, న్యాయస్థానం దానిని ఎంతవరకు తూచగలదు అన్న చర్చకు పేజీలకు పేజీలు కేటాయించింది. గాలీ నీరూ మురికిని కొంతవరకు ఇముడ్చుకోగలవన్న 1972 నాటి స్టాక్‌హోమ్ పర్యావరణ సదస్సు కాలపు నమ్మకం నుంచి, 1982 నాటి ఐక్యరాజ్యసమితి ప్రకృతి పత్రం మీదుగా, ముందుజాగ్రత్త వైపు ఆలోచన ఎలా మళ్లిందో అందులో వివరించారు. తత్త్వశాస్త్రం, ప్రకృతిశాస్త్రం, ప్రభుత్వ విధానం ఒకే కాగితం మీద కలిసిన సందర్భం చూపమంటే నేను ముందుగా ఈ తీర్పునే చూపిస్తాను. శాస్త్ర విషయాలను తేల్చమని కోర్టు నిపుణులున్న జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీకి పంపింది. 2000 డిసెంబరులో తుది తీర్పు మండలి పక్షాన వచ్చింది. 10 కిలోమీటర్ల నిబంధన నుంచి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన మినహాయింపు చెల్లదని కూడా అందులో చెప్పారు.

ఇక్కడ మన సామెతకు ఏం జరిగిందో చూడండి. 1996లో తమిళనాడు తోళ్ల పరిశ్రమల మీద వెలువడిన సుప్రీంకోర్టు వెల్లూరు తీర్పు, తన పని పర్యావరణానికి చెరుపు చేయదని రుజువు చేసే భారం ఆ పని తలపెట్టినవాడిదేనని చెప్పింది. 1999 తీర్పు దానినే విస్తరించింది. మేలు ఎంచుకున్నవాడే కీడు కూడా ఎంచి చూపించాలన్నమాట. విడిపోయిన కర్తను చట్టం మళ్లీ ఒక్కటి చేసింది. సామెతలో వ్యాకరణం ఊరికే ఇచ్చిన ఏకకర్తృకత్వాన్ని సూత్రం నిరూపణ భారం అనే దారిలో తెచ్చుకోవలసి వచ్చింది. అందుకే సామెతను సూత్రానికి పేరుగా పెడితే, ఆ సూత్రం ఎంతో కష్టపడి సాధించినది ముందే ఉన్నట్లు కనిపించి, పాఠకుడికి దాని విలువ తెలియకుండా పోతుంది.

అభ్యంతరం:

విశ్లేషణ బాగున్నది గాని, ఒక సందేహం. ‘అనుమానం పెనుభూతం’ అన్నదీ మన సామెతే. కీడు ఎంచడానికి కూర్చుంటే దానికి అంతు ఎక్కడ? అమెరికన్ న్యాయశాస్త్రవేత్త కాస్ సన్‌స్టీన్ ఈ సూత్రాన్ని విమర్శించింది కూడా ఈ కారణంతోనే. పని చేయడంలో ఎంత ముప్పుందో చేయకపోవడంలోనూ అంతే ముప్పు ఉండవచ్చు కనుక, సూత్రాన్ని కచ్చితంగా పాటిస్తే ఎటూ కదలలేమని ఆయన అంటారు. 2010 ఫిబ్రవరిలో బీటీ వంకాయ (పురుగును తట్టుకునేలా జన్యువు మార్చిన వంకాయ) సాగుకు అనుమతిని కేంద్రం నిలిపివేసినప్పుడు, పురుగుమందుల వాడకం కొనసాగడం వల్ల కలిగే కీడును ఎవరు ఎంచారు?

తిరిగి జవాబు:

మీ అభ్యంతరం న్యాయమైనదే. వంకాయ విషయంలో, నిర్ణయానికి ముందు హైదరాబాద్ సహా ఏడు నగరాల్లో బహిరంగ సంప్రదింపులు జరిగాయి. నిలిపివేత నిర్ణయంలో శాస్త్రవేత్తల మధ్య ఏకాభిప్రాయం లేకపోవడాన్ని కారణంగా చూపారు. అయితే నిలిపివేత కూడా ఒక పనే, దాని కీడునూ ఎంచాలన్న మీ మాటతో ఏకీభవిస్తున్నాను. సామెత సరిగ్గా అదే చెబుతుంది, ఏ పని చేసేవాడైనా ‘ఎంచి’ అన్న మెట్టు దాటాలి. సూత్రాన్ని నిషేధానికి మారుపేరుగా వాడేవాళ్లు సామెతను గుర్తు తెచ్చుకుంటే మంచిదే.

అనుమానానికి అంతు ఎక్కడన్న ప్రశ్నకు మన తర్కశాస్త్రంలో జవాబు ఉన్నది. తెలుగులో ‘అనుమానం’ అంటే సందేహం, సంస్కృత న్యాయశాస్త్రంలో ‘అనుమానం’ అంటే పొగను చూసి నిప్పును తెలుసుకునే ప్రమాణం. ఒకే మాట రెండు భాషల్లో దాదాపు ఎదురెదురు అర్థాల్లో నిలిచింది. న్యాయకుసుమాంజలి అనే తర్కశాస్త్ర గ్రంథంలో ఉదయనాచార్యుడు ‘వ్యాఘాతావధిరాశంకా’ అన్నాడు. శంక అన్నది వ్యాఘాతం దాకానే, అంటే మన నడవడికతోనే విరోధం వచ్చేదాకానే పోవచ్చునని. నిప్పువల్లనే పొగ పుడుతుందా అని శంకించేవాడు, పొగ కావలసి వచ్చినప్పుడు నిప్పే రాజేస్తున్నాడంటే, అతడి శంక నోటిమాటేనని తేలిపోతుంది. విధానానికి అన్వయిస్తే నాకు ఇలా కనిపిస్తుంది. ఒక ముప్పును నమ్మనంటూనే, దాని నుంచి తనను తాను కాపాడుకునే ఏర్పాటు చేసుకునేవాడి శంకను పట్టించుకోనక్కరలేదు. ఒక ముప్పు ఉందంటూనే, అదే ముప్పున్న మరో పనిని ఏ ప్రశ్నా లేకుండా చేసుకుపోయేవాడి భయానికీ అదే కొలత వర్తిస్తుంది. 

ప్రకృతిశాస్త్రం నుంచి ఒక్క ఉదాహరణ. 1930 ప్రాంతంలో రిఫ్రిజిరేటర్ల కోసం క్లోరోఫ్లోరోకార్బన్‌లు వచ్చినప్పుడు వాటిని ఎంచినవారు తొందరపాటు మనుషులేమీ కారు. అంతకుముందు వాడిన అమోనియా, సల్ఫర్ డైఆక్సైడ్ విషవాయువులు. కొత్తవి మండవు, విషం కావు, దేనితోనూ సులువుగా చర్య జరపవు. దేనితోనూ చర్య జరపకపోవడమే వాటిలో మేలుగా ఎంచిన గుణం. 1974లో రసాయన శాస్త్రవేత్తలు మొలీనా, రోలండ్ చెప్పినది ఏమిటంటే, ఆ గుణం వల్లనే అవి కింద ఎక్కడా విరగకుండా స్ట్రాటోస్ఫియర్ అనే పై వాతావరణ పొర దాకా చేరి, అక్కడ అతినీలలోహిత కాంతికి విరిగి, క్లోరిన్‌ను వదలుతాయని, ఆ క్లోరిన్ ఓజోన్‌ను తినేస్తుందని. అప్పటికి అది రసాయన సూత్రాల మీద కట్టిన ఊహ మాత్రమే. అమెరికా 1978లో స్ప్రే డబ్బాల్లో వాటి వాడకాన్ని నిషేధించింది. అంటార్కిటికా మీద ఓజోన్ పలచబడిన సంగతిని బ్రిటిష్ శాస్త్రవేత్త ఫార్మన్ బృందం 1985లో గాని ప్రకటించలేదు, ఆ రసాయనాలను తగ్గించాలన్న మాంట్రియల్ ఒప్పందం 1987లో కుదిరింది. కీడెంచడం అంటే ఊరికే భయపడడం కాదని, ఏ మార్గంలో కీడు రాగలదో మెట్టుమెట్టుగా చూపడమని ఈ ఉదంతం చెబుతుంది. మార్గం చూపించలేని శంకకూ, మార్గం చూపించి కొలత మాత్రమే చూపలేని శంకకూ తేడా ఉన్నది. మొదటిది మీరన్న పెనుభూతం, రెండవది విధానం పట్టించుకోవలసినది.

ప్రశ్న అడిగినవారు మళ్లీ:

చాలా ఉపయోగపడింది, ధన్యవాదాలు. అయితే ఒక్కటి. రుజువు భారాన్ని పరిశ్రమ మీదనే పెడితే, కీడెంచే నివేదికకు డబ్బు కట్టేదీ పరిశ్రమే అవుతుంది కదా? నా వ్యాసంలో ‘ఆనస్ ఆఫ్ ప్రూఫ్’ అన్నదానికి ఏ మాట వాడమంటారు?

జవాబు:

మీరు పట్టుకున్నది నిజమైన లోపం. కేంద్రం 2006లో ఇచ్చిన నోటిఫికేషన్ కింద పర్యావరణ ప్రభావ నివేదికను తయారుచేసే సంస్థను ప్రాజెక్టు తలపెట్టినవారే కుదుర్చుకుంటారు. కర్త ఒక్కడే అయితే వ్యాకరణానికి బాగుంటుంది గాని, తన కీడును తానే ఎంచుకునేవాడు మెత్తగానే ఎంచుతాడు. అందుకే నివేదికతో పాటు ప్రజాభిప్రాయ సేకరణ, దానిపైన నిపుణుల సంఘం పరిశీలన పెట్టారు. పైన చెప్పిన 1999, 2000 తీర్పుల ప్రభావంతోనే 2003లో లా కమిషన్, అప్పటికి దానికి అధ్యక్షుడైన జస్టిస్ జగన్నాథరావు నాయకత్వంలో, నిపుణులు కూడా సభ్యులుగా ఉండే పర్యావరణ న్యాయస్థానాలను సిఫారసు చేసింది. 2010 జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం 20వ సెక్షనులో ఈ సూత్రం పేరుతో సహా చేరింది. ఎంచేవాడిని మళ్లీ ఎంచేవాడు ఒకడుండాలన్న ఏర్పాటు ఇది, సామెతకు ఆ అవసరం ఎన్నడూ రాలేదు. ఇక 111వ ఉత్తర్వులోని ఆంక్షలను తెలంగాణ ప్రభుత్వం 2022 ఏప్రిల్‌లో 69వ నంబరు ఉత్తర్వుతో తొలగించింది. నగరానికి ఆ జలాశయాల నీటి మీద ఆధారం బాగా తగ్గిందన్నది చూపిన కారణాల్లో ఒకటి. తాగునీటి మేరకే ఎంచితే ఆ లెక్క ఒకలా ఉంటుంది, వరద వచ్చినప్పుడు ఆ చెరువులు చేసే పనిని కూడా ఎంచితే మరోలా ఉంటుంది.

మాట విషయానికి వస్తే, ‘నిరూపణ భారం’ అని రాయండి. కోర్టు తెలుగులో ‘రుజువు భారం’ కూడా నడుస్తున్నది, కానీ ‘రుజువు’ అన్నప్పుడు పాఠకుడికి జరిగిపోయిన నేరం, సాక్షి, కాగితం గుర్తుకొస్తాయి. ఇక్కడ నిరూపించవలసినది ఇంకా జరగని విషయం. సూత్రానికి ‘ముందుజాగ్రత్త సూత్రం’ అన్న పేరునే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ‘కీడెంచి మేలెంచమన్న మాటను, ఎంచే బాధ్యత ఎవరిదో కూడా కలిపి చట్టంగా చెప్పిన సూత్రం’ అని ఒక వాక్యం చేర్చితే మీ వ్యాసానికి సరిపోతుందని అనుకుంటున్నాను.